గులకరాళ్ళ అడుగున

"ఇదిగో, ఇంకోటి!"

రాగసుధ చేపలతొట్టి అద్దానికి జానెడు దూరంలో వంగి నిలబడింది. అంతకంటే దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. ఇంకాస్త ముందుకు జరిగితే అది అద్దం దాటుకొచ్చి ముక్కు మీద పాకేస్తుందన్నట్టు ఉంది ఆమె వాలకం.

నూలుపోగు కంటే సన్నం. గోరంత పొడవు కూడా లేదు. తెల్లగా మెలికలు తిరుగుతూ అద్దం మీద పైకి ఎగబాకుతోంది. దాని వెనకాలే ఇంకొకటి. అడుగున గులకరాళ్ళ సందుల్లోంచి సగం బయటికి వచ్చి ఊగుతున్నవాటి వైపు ఆమె చూడదలచుకోలేదు. చూడకుండా ఉండలేకపోయింది కూడా.

"రాత్రి నాలుగే ఉన్నాయన్నావుగా" అన్నాడు ఫణీంద్ర సోఫాలోంచి. చేతిలో సేమ్యా ఉప్మా ప్లేటు.

"నాలుగు కనిపించాయన్నాను. నాలుగే ఉన్నాయని ఎప్పుడన్నాను? ముందు మీరు ఆ ప్లేటు తీసుకుని అవతలికి వెళ్ళండి. ఆ సేమ్యా చూస్తుంటే నాకు..."

ఫణీంద్ర చెంచా వైపు చూశాడు. చెంచా అంచున తెల్లగా, సన్నగా, తడిగా ఒక పోగు వేలాడుతోంది. నములుతున్నది మింగాలో ఉమ్మాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయి, చివరికి మింగేశాడు.

"ఆ మాట మొదట్లో చెప్పకూడదా? సగం తిన్నాక చెప్తావా?" అని ప్లేటు టీపాయ్ మీద పెట్టేశాడు.

రెండో శనివారం కాబట్టి తండ్రీ కూతుళ్ళిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. నాలుగో తరగతి చదువుతున్న సంహిత డైనింగ్ టేబుల్ దగ్గర తన ప్లేటు ముట్టుకోకుండా కూర్చుంది. దానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మొన్న రాత్రి ఆ పురుగుల్ని మొదట చూసింది అదే.

"పదకొండింటికి వనిత వస్తుంది" అంది రాగసుధ. పొద్దుటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే గుర్తులేదు.

ఎస్.ఆర్. నగర్‌లో వనిత నడుపుతున్న ఆడపిల్లల హాస్టల్‌కి ఆరేడు నెలలుగా రాగసుధ వంటింటి నుంచే కూరలు వెళ్తున్నాయి. మైత్రీవనంలో తను పనిచేసే కోచింగ్ సెంటర్ మూతపడ్డాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు పంజాగుట్టలో తెరవబోయే కొత్త హాస్టల్ కూడా నీకే ఇస్తానంటోంది వనిత. ఇచ్చేముందు ఒక్కసారి వంటిల్లు కళ్ళారా చూస్తానంది. చూడాలంటే హాల్లోంచి రావాలి. వంటింటి గుమ్మం పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, ఈ తొట్టి.

ఆ కూరలు పోతే ఒక పని పోవడం ఒక్కటే కాదు. ఈ ఇంట్లో ఆమె మాట చెల్లుబాటవడం మొదలైందే ఆ కూరలతో. అది ఫణీంద్రకి తెలుసు, అత్తగారికి ఇంకా బాగా తెలుసు.

"తొట్టి మొత్తం ఖాళీ చేసేస్తాను. రాళ్ళు బయట పారేస్తాను" అంది రాగసుధ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంటూ.

"వీల్లేదు."

వంటింట్లోంచి వచ్చింది ఆ మాట. వెనకాలే జానకీదేవి వచ్చింది. ఆవిడ గొంతు పెద్దది చేయదు. చేయాల్సిన అవసరం ఆవిడకు ఎన్నడూ రాలేదు.

"ఏంటి వీల్లేదు, అత్తయ్యా?"

"అది మీ మామగారి చేతి తొట్టి. ఆయన పోయి ఏడాది కూడా తిరగలేదు. నీళ్ళు పారబోసి, రాళ్ళు రోడ్డు మీద పోసి... ఏం, అంత తొందరేం వచ్చింది?"

"తొందరా! పురుగులండీ, అత్తయ్యా! లుకలుకలాడుతున్నాయి. కూరలు వండే ఇంట్లో పురుగులేంటని వనిత అడిగితే ఏం చెప్పమంటారు? మా మామగారి జ్ఞాపకాలని చెప్పనా?"

ఆ మాట అనకూడనిది. అన్నాక తెలిసింది ఆమెకి. జానకీదేవి కోడలి వైపు కాకుండా తొట్టి వైపు చూసి, వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. కడగడానికి అక్కడ గిన్నెలేవీ లేవు.

మామగారు రామ్మోహనరావుగారు రిటైరైన ఏడు ఆ తొట్టి కొన్నారు. పప్పూ పులుసూ తప్ప ఎరగని కొంపలో చేపలేమిటని జానకీదేవి అప్పట్లో నెలరోజులు మూతి ముడుచుకుంది. అందులో ఇప్పుడు మిగిలింది ఒక్కటే, గుప్పెడంత నారింజరంగు చేప. ఆయన దానికి దొరబాబు అని పేరు పెట్టుకుని, పొద్దున్నే పేపరు కూడా దానికే చదివి వినిపించేవారు. పోయిన కార్తీకంలో ఆయన పోయాక దొరబాబుకి పేపరు చదివేవాళ్ళు లేరు. గింజలు వేసేది మాత్రం రాగసుధే. పొద్దున ఒక చిటికెడు. అంతకు మించి ఏనాడూ వేసి ఎరగదు.

అందుకే నిన్న సాయంత్రం పంజాగుట్టలో చేపల దుకాణం కేదార్ అన్న మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. పాత ఆవకాయ సీసాలో రెండు పురుగుల్ని పట్టి, సీసా కవర్లో చుట్టి, ఆ కవరు ఇంకో కవర్లో పెట్టి తీసుకెళ్ళింది. అతను సీసా లైటుకి ఎత్తి పట్టుకుని తేలిగ్గా చూశాడు.

"గివి చేపనేం జెయ్యయ్, మేడమ్. ఫికర్ చెయ్యకుండ్రి. ఏసిన తిండి మిగిలి అడుగున మురిగితే పుడ్తయ్. అన్నం గిట్ల ఏస్తున్నరా?"

"ఛ! చేపలకి అన్నం ఎవరు వేస్తారండీ?"

"మస్తు మంది ఏస్తరు. ఇంట్ల అందరిని అడుగుండ్రి ఒకసారి. మందులేం పొయ్యకుండ్రి. రాళ్ళు తీసి కడిగి, సగం నీళ్ళు మార్చుండ్రి. తిండి బంద్ జేస్తే అవే పోతయ్."

ఇంట్లో అందరినీ అడగమన్నాడు. ఆమె ఒక్కరినే అడిగింది.

"సంహితా, ఇలా రా."

పిల్ల కుర్చీ దిగి వచ్చింది.

"నువ్వు వేస్తున్నావా దాంట్లో అన్నం?"

"లేదమ్మా."

"నిజం చెప్పు. మొన్న పెరుగన్నం వదిలేస్తే తిట్టానని తీసుకెళ్ళి అందులో పడేశావా?"

"లేదు."

"మరి ఎవరు వేశారు? దొరబాబు లేచి వండుకున్నాడా?"

సంహిత నోరు తెరిచింది. తల్లి భుజం మీదుగా వంటింటి వైపు చూసింది. మళ్ళీ నోరు మూసేసింది. ఆ మూసుకోవడం చూసి రాగసుధకి ఇంక కోపం ఆగలేదు. రాత్రంతా నిద్రలేదు, గడియారం పది దాటింది. చెయ్యి లేచింది. చెంప మీద పడింది.

పిల్ల ఏడవలేదు. అదే రాగసుధకి ఎక్కడో గుచ్చుకుంది.

"దాన్నెందుకు కొడతావు?" అన్నాడు ఫణీంద్ర లేచి. లేచాడే గానీ ముందుకు రాలేదు. కొట్టక ముందు అడ్డం పడటం, కొట్టాక మందలించడం, ఈ రెండింటిలో అతను ఎప్పుడూ రెండోదే చేస్తాడు.

వంటింటి గుమ్మంలో జానకీదేవి నిలబడి ఉంది. అంతా చూసింది. మనవరాలి చెంప మీద నాలుగు వేళ్ళూ ఎర్రగా తేలడం కూడా చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బకెట్ తెండి" అంది రాగసుధ మొగుడితో. "ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇది ఇప్పుడు తీయాల్సిందే."

దొరబాబుని మగ్గుతో పట్టి నీలం బకెట్లోకి వదిలారు. ఫణీంద్ర గొట్టం పెట్టి సగం నీళ్ళు బయటికి లాగాడు. నీళ్ళు దిగుతున్నకొద్దీ వాసన పైకి లేచింది. పాచిపోయిన గంజీ, మూత తీసిన మురిక్కాలువా కలిపినట్టు ఒక వాసన. ముక్కు మూసుకుంటే నాలుక మీద రుచిగా తెలుస్తోంది. ఫణీంద్ర "ఇప్పుడే వస్తా" అని బాత్రూంలోకి వెళ్ళి ఎంతకీ రాలేదు.

రాగసుధ గాజులు మోచేతి దాకా తోసుకుని చెయ్యి లోపలికి పెట్టింది.

రాళ్ళు జారుతున్నాయి. ఒక్కొక్క రాయికీ జిగురు పట్టుంది, దగ్గు వచ్చినప్పుడు గొంతులో అడ్డంపడే తెమడలా. గుప్పెడు తీసి టబ్బులో వేస్తే వాటితో పాటు తెల్లటి పోగులు కూడా పడి మెలికలు తిరిగాయి. మణికట్టు దగ్గర చల్లగా ఏదో కదిలింది. చూస్తే గాజుకీ చర్మానికీ మధ్య ఒకటి. "అబ్బా!" అని చెయ్యి విదిలించింది. అది ఎక్కడ పడిందో తెలియలేదు. చీర మీద పడిందేమో, జుట్టులో పడిందేమో. తల నుంచి పాదం దాకా ఒళ్ళంతా దురద మొదలైంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే కళ్ళు తుడుచుకోవాలి, ఈ చేత్తో తుడుచుకోలేదు. అందుకని ఏడవలేదు.

మూలన ప్లాస్టిక్ కోట బొమ్మ ఉంది. దాన్ని ఎత్తింది.

కింద నల్లటి ముద్ద. నిమ్మకాయంత ఉంది. మెత్తగా, పైన బూజు పట్టి, లోపలి నుంచి పురుగులు తొలుచుకుంటూ బయటికి వస్తూ, మళ్ళీ లోపలికి పోతూ. పుట్టిల్లు ఇదే. అరచేతిలోకి తీసుకున్నది ఎందుకో ఆమెకి తర్వాత కూడా తెలియలేదు. వేళ్ళ మధ్య అది విడిపోయింది. అన్నమే. మెతుకులు ఇంకా అక్కడక్కడ తెల్లగా ఉన్నాయి. మెతుకుల మధ్య చిన్నచిన్న నల్లటి గింజలు.

మొదట అవి కూడా పురుగులే అనుకుంది. కదల్లేదు. గోటితో నొక్కి చూసింది.

నువ్వులు.

నువ్వులు కలిపిన అన్నం ఈ ఇంట్లో ఎవరూ తినరు. తినేవాళ్ళ కోసం కలపరు దాన్ని.

అప్పుడే బాత్రూంలోంచి వచ్చిన ఫణీంద్ర ఆమె అరచేతిలోకి చూశాడు. ప్రతినెలా తండ్రికి మాసికం పెడుతున్న మనిషి. అతనికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మా" అని పిలిచాడు.

జానకీదేవి వచ్చింది. కోడలి చేతిలో ఉన్నది చూసింది. తల తిప్పుకోలేదు.

"రోజూ వేస్తున్నారా?" అంది రాగసుధ.

"ఒక్క ముద్ద. అన్నం దింపగానే."

"రోజూ?"

"మరి ఆయన రోజూ తినేవారు కాదా?"

బకెట్లో దొరబాబు ఒకసారి తోక కొట్టాడు.

"బాల్కనీలో పెట్టేదాన్ని కాకికి" అంది జానకీదేవి. "ఆయన పోయిన పదో రోజు నుంచీ పెట్టాను. పిట్టగోడ మీద పెట్టి ఇలా తిరిగేలోపు వచ్చేది. ఒకే కాకి. నాకు తెలుసది. మాఘమాసంలో నువ్వు వల కట్టించావు."

"పావురాల కోసం కట్టించాను! వంటింటి కిటికీ నిండా రెట్టలు. వల కడితేనే కూరలు తీసుకుంటానంది వనిత."

"నేను కాదన్నానా? కట్టావు. ఆ కాకి వల బయట కూర్చుని మూడు రోజులు అరిచింది. తర్వాత రావడం మానేసింది." ఆవిడ తొట్టి వైపు తిరిగింది. "చేతిలో ముద్దతో ఇక్కడ నిలబడ్డాను ఓ రోజు. ఏం చెయ్యాలో తోచక. ఇది అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచింది. వేశాను. తింది. ఆయన పెంచుకున్నదేగా. ఆయనకి చేరకుండా ఎలా ఉంటుంది?"

"తినలేదు, అత్తయ్యా. చూడండి. ఇదంతా అడుగున కుళ్ళింది. ఆయనకి చేరలేదు. వీటికి చేరింది." అరచెయ్యి ముందుకు చాపింది. "పోనీ, ఒక్క మాట నాతో అనచ్చుగా! పిల్లని మీ కళ్ళ ముందే కొట్టాను. మీరు చూస్తూ నిలబడ్డారు. అప్పుడైనా నోరు రాలేదా మీకు?"

"కొట్టింది నువ్వు" అంది జానకీదేవి. "నేను కొట్టమన్నానా?"

ఫణీంద్ర "అమ్మా, ఊరుకో. సుధా, నువ్వూ..." అంటుండగా కాలింగ్ బెల్ మోగింది.

పదకొండు ఇంకా కాలేదు. వనిత ఎప్పుడూ చెప్పిన వేళ కంటే ముందే వస్తుంది. ముందొస్తేనే అసలు సంగతి తెలుస్తుందని ఆమె నమ్మకం.

తలుపు తీయకుండా ఉండే దారి లేదు. ఫణీంద్ర తీశాడు. జానకీదేవి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"నమస్తే అన్నా. సుధక్క లేదా..." అంటూ వనిత చెప్పులు విప్పి రెండడుగులు లోపలికి వేసి, అక్కడే ఆగిపోయింది. ముందు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత చూసింది. నేలంతా తడి, టబ్బు నిండా జిగట రాళ్ళు, మోచేతుల దాకా నల్లటి బురదతో రాగసుధ.

"ఏందక్కా గిది?"

"చేపలతొట్టి కడుగుతున్నాం. కొంచెం... పురుగు పట్టింది."

వనిత టబ్బులోకి తొంగి చూసింది. వెంటనే వెనక్కి జరిగింది.

"యాక్! వంటింటి పక్కనే గివేంది అక్కా?"

"వంటింట్లోకి రావు వనితా. నీళ్ళలో తప్ప బతకవట. ఎక్కువ తిండి పడితే..."

"నాకు తెలుస్తది గని, నా హాస్టల్ పోరీలకు తెలుస్తదా? ప్లేట్ల ఎంట్రుక కనవడ్తెనే ఫోటో దీసి గ్రూపుల ఏస్తరు. నువ్వు సాఫ్‌గ ఉంటవనే గదా పంజాగుట్టది సుత నీకే ఇద్దామనుకున్న." వనిత గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. "తిండి ఎక్కువ పడ్డదంటున్నవ్. ఎవరేసిండ్రు?"

రాగసుధ వంటింటి వైపు చూసింది. చెప్పేస్తే సరిపోతుంది. మా అత్తగారు, అని రెండు మాటలు. తన చేతి శుభ్రం మీద పడిన మరక అక్కడితో పోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనే ఆంటీ."

సంహిత. టేబుల్ దగ్గర్నుంచి వచ్చి తల్లి పక్కన నిలబడింది. చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

"నేనే వేశా. నాకు పెరుగన్నం ఇష్టం లేదు. అమ్మకి తెలీకుండా రోజూ వేశా."

రాగసుధకి పొద్దున పిల్ల వంటింటి వైపు ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది. దానికి తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. చెంపదెబ్బ తిన్నది కూడా తెలిసే తిన్నది. కూతురిని దగ్గరికి లాక్కోవాలనిపించింది. చేతుల నిండా ఆ కుళ్ళు. ముట్టుకోలేకపోయింది.

"పిల్లలకేం ఎర్క తియ్" అంది వనిత కాస్త మెత్తబడి. అయినా కొంగు ముక్కు మీంచి తీయలేదు. వెనక్కి తిరిగి గుమ్మం దగ్గరికి వెళ్ళి ఒక చెప్పులో కాలు పెట్టింది. "వంటిల్లు మళ్ళెప్పుడన్న చూస్త అక్కా. జర సోచాయించుకొని ఫోన్ జేస్త."

ఫోన్ చేస్తానంటే చేయదు. అది రాగసుధకి తెలుసు.

"ఆగమ్మా."

జానకీదేవి వంటింటి గుమ్మం దాటి వచ్చింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఉంది. అప్పుడే దింపిన అన్నం వాసన ఆవిడతో పాటు హాల్లోకి వచ్చింది. ఆ కుళ్ళు వాసన మధ్య అది అంత కమ్మగా ఉండటం రాగసుధకి భరించరానిదిగా తోచింది.

"పిల్ల అబద్ధం చెప్తోంది. నా కోసం చెప్తోంది. అన్నం వేసింది నేను. నా కోడలి చెయ్యి శుభ్రమైనది. ఈ ఇంట్లో పురుగు పట్టించింది నేను" అంది జానకీదేవి.

వనిత ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట పెట్టి అలాగే ఉండిపోయింది.

జానకీదేవి సంహిత దగ్గరికి వెళ్ళి, ఎడమచేత్తో ఆ ఎర్రటి చెంప నిమిరింది. కుడిచెయ్యి గుప్పిట మూసి ఉంది. తర్వాత కోడలి ముందుకొచ్చి ఆ గుప్పిట విప్పింది. అరచేతిలో ఇవాళ్టి ముద్ద. తెల్లగా, ఆవిరి ఇంకా పోకుండా, పైన నాలుగు నువ్వులు.

దొరబాబు బకెట్ నీళ్ళలో పైకి వచ్చి, అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. జానకీదేవి దాని వైపు చూడలేదు. బాల్కనీ వైపు చూసింది. అక్కడ వల బిగుతుగా, ఎక్కడా చిరుగు లేకుండా ఉంది.

"ఇందులో వద్దన్నావు. సరే, వెయ్యను. వల విప్పితే నీ పని పోతుంది. విప్పమనను" అంది. "మరి ఇది ఎక్కడ పెట్టనే, సుధా? నువ్వే చెప్పు."

రాగసుధ అరచేతిలో కుళ్ళిన పాత ముద్ద, ఎదురుగా అత్తగారి చేతిలో ఇవాళ్టిది. గుమ్మంలో వనిత చెప్పులోంచి కాలు వెనక్కి తీసి, లోపలికి తిరిగి నిలబడింది. ఆమె కూడా జవాబు కోసమే చూస్తోంది.